ముందు తడి, తర్వాత తూకం, ఆ తర్వాతే బేరం

సంపాదకులకు నమస్కారం.

సొంతింటికి తాళం వేసి పడక, వంటగది అమర్చిన బండిలో, అంటే మోటార్‌హోమ్‌లోనే కాపురం ఉండాలనుకునేవారి గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఉత్సాహంగా సాగింది. ఒక్కచోటే పేచీ. సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు ఇంజిన్ సంగతి గట్టిగా చూసుకుంటే చాలన్న అర్థం అందులో వచ్చింది. కారుకైతే, లారీకైతే ఆ మాట చెల్లుతుంది. ఇల్లు మోసే బండికి చెల్లదు. ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ దొరుకుతుంది, గేర్‌బాక్సూ అంతే. గోడ లోపలి చెక్క కుళ్లితే మాత్రం ఆ గోడ విప్పి కట్టే కూలి చాలాసార్లు బండి ధరనే మించిపోతుంది. అలాగే బండి ఎంత బరువు మోయగలదన్నది ఫ్యాక్టరీలో రాసిపెట్టిన రాత. కొన్నాక దాన్ని చెరపడం కష్టం. ఈ రెండూ తేలేదాకా డ్రైవరు సీట్లో కూర్చోకపోవడమే మంచిది. కూర్చుంటే మనసు పారేసుకుంటాం.

తడి ఎలా వస్తుందో ముందు చెప్పాలి. చాలా మోటార్‌హోమ్‌ల గోడలు పొరలు పొరలుగా ఉంటాయి. లోపల పల్చటి ప్లైవుడ్, మధ్యలో థర్మాకోల్ లాంటి పలక, దానికి చట్రంగా సన్నటి చెక్క బద్దలు, బయట అల్యూమినియం లేదా ఫైబర్‌గ్లాస్ రేకు. అన్నింటినీ జిగురుతో ఒక్కటిగా అతికిస్తారు. పైకప్పు గోడను కలిసేచోట ఒక పట్టీ, ఆ పట్టీకి వరసగా స్క్రూలు, అడుగున నీళ్లు దూరకుండా పూసే మెత్తటి సీలెంట్. ఎండకు, దారి కుదుపులకు ఆ సీలెంట్ ఏళ్లు గడిచేకొద్దీ ఎండి బీటలిస్తుంది. స్క్రూ కన్నం వెంట చుక్కచుక్కగా దిగిన నీటిని చెక్క బద్ద పీల్చుకుంటుంది. రెండు పక్కలా జిగురూ పలకలూ మూసేయడంతో గాలి తగలదు, ఆరదు. లోపలి గోడ మీద మరక కనబడే నాటికి ఆ చెక్క చాలాకాలంగా నానుతూ ఉంటుంది. అమ్మేవారు అబద్ధం ఆడకపోవచ్చు కూడా. చాలామందికి నిజంగానే తెలియదు.

అందుకని రెండు సూదుల తేమ మీటర్ ఒకటి కొనండి. ఏనుగును కొంటూ అంకుశం దగ్గర బేరమాడకూడదు. ముందు బయటి గోడతో సంబంధం లేని లోపలి అడ్డుపలక మీద కొలిచి ఆ అంకె రాసుకోండి, ఆ బండికి అదే పొడి లెక్క. తర్వాత బయటి గోడల దగ్గరికి వెళ్లండి. 15 శాతం లోపుంటే నిశ్చింత. 15 నుంచి 20 మధ్య వస్తే ఆ చుట్టూ ఇంకో పది కొలతలు తీయాలి. 20 దాటితే నీరు ఎక్కడినుంచి వస్తోందో తేలాలి. 30 దాటితే చెక్క పాడైందనే అనుకుని మాట్లాడాలి. లోహపు పట్టీ, రేకు, వైరు దగ్గర్లో ఉంటే మీటర్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఒక్క అంకెకే బెదిరిపోవద్దు. నాలుగేసి అంగుళాలకు ఒక కొలత తీసుకుంటూ పోతే తడి మచ్చ ఎంతమేర పాకిందో దానంతటదే బయటపడుతుంది. సూదులు గుచ్చితే చిన్న గుర్తులు పడతాయి. అమ్మేవారికి ముందే చెప్పి, అలమరల లోపల, పరుపుల వెనక కొలిస్తే గొడవ ఉండదు.

కొలవాల్సిన చోట్లు ఇవీ: పైకప్పు నాలుగు మూలలు, పైఅరల లోపలి వెనుక భాగం, పైకప్పు కిటికీల చుట్టూ, ప్రతి కిటికీ కింది రెండు మూలలు, స్నానాల గది గోడ అడుగు, చక్రాల గూళ్ల పైభాగం, వెనక లైట్లు బిగించిన చోటు. బయట ఏదైనా బోల్టులతో తగిలించి ఉంటే, అంటే నిచ్చెన, సైకిల్ స్టాండు, ఎండపందిరి లాంటివి, సరిగ్గా వాటి లోపలి వైపు వెతకండి. ప్రతి బోల్టూ గోడకు ఒక కన్నమే. డ్రైవరు క్యాబిన్ పైన పడక ఉన్న బండ్లలో ఆ పడక పరుపు ఎత్తి, ముందువైపు అంచు చెక్కను బొటనవేలితో నొక్కాలి. దారిలో ఎదురువానను తట్టుకునేది ఆ ముక్కే.

బయటినుంచి గోడ పక్కన నిలబడి, చెంప ఆనించినంత దగ్గరగా చూపు పారించండి. వెలుగు ఏటవాలుగా పడితే ఉబ్బులు, అలలు కనిపిస్తాయి. ఉబ్బిన చోట వేలిముడితో తడితే గుల్ల శబ్దం వస్తుంది. పొరలు విడిపోయాయని అర్థం. లోపల నేల మీద చెప్పులు విప్పి మడమతో నొక్కుతూ నడవండి, ముఖ్యంగా తలుపు దగ్గర, పొయ్యి ముందు, స్నానాల గది గుమ్మం దగ్గర. మెత్తగా దిగితే రెండు కారణాలు ఉండొచ్చు. రోజూ తొక్కితొక్కి నేల పలకల మధ్య జిగురు విడిపోవడం ఒకటి. దానికి సన్నటి కన్నాలు వేసి రెజిన్, అంటే గట్టిపడే జిగురు ఎక్కిస్తే సరిపోతుంది, పెద్ద ఖర్చు కాదు. నీటికి చెక్క పుచ్చడం రెండోది, దానికి రెజిన్ పనిచేయదు. రెండింటినీ విడదీసి చెప్పేది మళ్లీ ఆ మీటరే.

నిచ్చెన వేసుకుని పైకప్పు చూడకుండా ఎవరూ డబ్బు ఇవ్వకూడదు. అతుకుల మీద నిగనిగలాడే సిలికాన్ పూసి ఉంటే అది పెద్ద అనుమానం. సిలికాన్ స్నానాల గది పలకలకు మంచిదే కానీ, దాని మీద తర్వాత ఏ సీలెంటూ పట్టదు. మొత్తం గీకి తీస్తే తప్ప సరైన మరమ్మతు సాగదు. ఒక్క మూలలోనే కొత్త వాల్‌పేపరు, ఒక్క కిటికీ చుట్టే కొత్త పట్టీ, తలుపు తీయగానే గుప్పుమనే సెంటు వాసన, ఎండాకాలంలోనూ గిర్రున తిరిగే హీటరు: పైన పటారం, లోన లొటారం అన్నమాట ఇలాంటి బండ్ల గురించే పుట్టిందేమో అనిపిస్తుంది. వీలైతే వాన కురిసిన మర్నాడు వెళ్లండి. స్నానాల గది అడుగు ట్రేలో వెంట్రుకంత పగులున్నా వదలొద్దు. బయటి వాన ఎంత చేస్తుందో, రోజూ చేసే స్నానం అంతా చేస్తుంది.

ఇక తూకం. సెలవులకు పది రోజులు తిరిగేవారికి దీంతో పెద్దగా పని పడదు, ఏడాదంతా అందులోనే ఉండేవారిని మొదట దెబ్బతీసేది ఇదే. తయారీదారు బండికి బిగించిన ప్లేటు మీద మొత్తం గరిష్ఠ బరువు, ముందు ఇరుసు మోయగల బరువు, వెనక ఇరుసు మోయగల బరువు రాసి ఉంటాయి. 3,500 కిలోల బండి ఒకటి తీసుకోండి. డ్రైవరు, డీజిల్ కలుపుకుని అది 3,050 కిలోలు తూగిందనుకుందాం. 450 కిలోలు చేతిలో ఉన్నాయి, చాలా ఎక్కువనిపిస్తుంది. రెండో మనిషి 70. నిండు ట్యాంకు నీళ్లు 100 లీటర్లు, అంటే 100 కిలోలు. రెండో బ్యాటరీ 25. సోలార్ పలకలు, వాటి చట్రాలు 25. ఎండపందిరి 30. రెండు సైకిళ్లు, స్టాండుతో 50. అదనపు గ్యాస్ సిలిండర్ 25. బట్టలు, పక్కలు 40. వంటసామాను 30. పనిముట్లు, విడిభాగాలు 30. మడత బల్ల, కుర్చీలు 15. మొత్తం 440. పది కిలోలు మిగిలాయి, ఇంకా తిండి సరుకులు ఎక్కించనే లేదు.

అదీగాక బరువు ఎక్కడ పెట్టామన్నదీ లెక్కే. రెండు ఇరుసుల మధ్య దూరం నాలుగు మీటర్లు, సైకిల్ స్టాండు వెనక ఇరుసుకు రెండు మీటర్లు అవతల వేలాడుతోందనుకోండి. ఆ 50 కిలోలు వెనక ఇరుసు మీద 75 కిలోలై పడతాయి, ముందు ఇరుసు 25 కిలోలు తేలికవుతుంది. త్రాసు కాడ సూత్రమే ఇది. ముందు చక్రాలతో లాగే బండి అయితే తడి గడ్డి మీద, ఎత్తు మీద చక్రాలు తిరుగుతాయే గాని బండి కదలదు. మొత్తం బరువు పరిమితి లోపలే ఉన్నా వెనక ఇరుసు ఒక్కటీ పరిమితి దాటడం మామూలుగా జరిగేదే. వెనక గ్యారేజీ లాంటి పెద్ద అర ఉన్న బండ్లలో ఇంకా ఎక్కువ.

కాబట్టి బ్రోచర్ అంకెను నమ్మొద్దు. తర్వాత బిగించిన పరికరాలేవీ అందులో ఉండవు. నీళ్ల ట్యాంకు, డీజిల్ ట్యాంకు నింపి వేబ్రిడ్జికి తీసుకెళ్లి మూడుసార్లు తూచాలి: మొత్తం బండి, ముందు చక్రాలు మాత్రమే, వెనక చక్రాలు మాత్రమే. వచ్చిన అంకెల్ని ప్లేటు మీదివాటితో పోల్చుకుని, మీ సామాను జాబితా కాగితం మీద కలుపుకోండి. అమ్మేవారు వేబ్రిడ్జికి ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయడమే. కొన్ని బండ్లకు వెనక స్ప్రింగులు బలపరిచి గరిష్ఠ బరువు పెంచుకునే వీలుంది, కానీ అప్పుడు లైసెన్సు తరగతి మారొచ్చు. యూరప్ దేశాల్లో చాలాచోట్ల మామూలు కారు లైసెన్సు 3,500 కిలోలతోనే ఆగిపోయేది గనుకే అన్ని బండ్లు సరిగ్గా ఆ అంకె దగ్గర ఆగి కనిపిస్తాయి.

టైర్ల విషయంలో గాడి లోతు చూసి సంతోషించొద్దు. ఈ బండ్లు తిరిగేదానికన్నా నిలబడేదే ఎక్కువ, అరగకుండానే ముసలివవుతాయి. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే గుర్తు చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఆరేడేళ్లు దాటితే మార్చాల్సినవిగానే ధరలో తగ్గించండి, పదేళ్లు దాటితే ఆ టైర్ల మీద బండిని ఇంటిదాకా కూడా తేవొద్దు. వెనక జంట చక్రాలున్న బండిలో లోపలి టైరు చూడటం ఎవరూ ఇష్టపడరు, టార్చి వేసుకుని కిందికి దూరాలి మరి.

ఇంజిన్ గురించి మీ వ్యాసంలో చాలా వచ్చింది, క్లుప్తంగా చెబుతాను. మీరు వెళ్లేసరికి బానెట్ చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో మీకు చూపించడం అమ్మేవారికి ఇష్టం లేదన్నమాట. నీలం పొగ ఆయిల్ కాలుతోందని, వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ కూలెంట్ లోపలికి పోతోందని చెబుతుంది. టైమింగ్ బెల్టుకు కిలోమీటర్లే కాదు, వయసూ ఉంటుంది. మార్చిన రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క. పదిహేనేళ్లలో ముప్ఫై వేల కిలోమీటర్లే తిరిగిందంటే అది గొప్ప కాదు. నిలబడ్డ బండిలో బ్రేకులు పట్టేస్తాయి, రబ్బరు సీళ్లు ఎండుతాయి, డీజిల్ ట్యాంకు అడుగున మడ్డి చేరుతుంది. కింద పడుకుని బ్రేకు పైపుల తుప్పు, ఛాసిస్‌కు వెనక పొడిగింపు బిగించిన బోల్టులు చూడండి. ఎత్తు మీదికి రివర్సులో నెమ్మదిగా ఎక్కించి చూస్తే క్లచ్ జబ్బు బయటపడుతుంది. అరగంటకు తగ్గకుండా నడపాలి, పెద్ద రోడ్డు వేగం కూడా అందుకోవాలి.

రోజూ బతుకు నడిచేది మాత్రం కరెంటు, గ్యాస్, నీళ్ల మీద. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు 40 నుంచి 50 ఆంపియర్ అవర్లు తాగుతుంది (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు వాడితే ఒక ఆంపియర్ అవర్). 60 వాట్ల లాప్‌టాప్ ఐదు గంటలు నడిస్తే 25. దీపాలు, నీళ్ల పంపు, ఫోన్లు కలిపి 15. చలికాలంలో హీటరు ఫ్యాను 15. ఇలా వంద అవుతుంది. 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీలో హాయిగా వాడుకోగలిగేది సగమే, అంతకన్నా పిండితే ఆయుష్షు పడిపోతుంది. అంటే ఒక్క బ్యాటరీతో వచ్చే బండి సెలవుల బండి, కాపురం బండి కాదు. పైకప్పు మీద చదునుగా పరిచిన 200 వాట్ల సోలార్ పలకలు మంచి ఎండలో రోజుకు 600 నుంచి 800 వాట్ అవర్లు ఇస్తాయి. చలిదేశాల్లో శీతాకాలం అందులో నాలుగో వంతు కూడా రాకపోవచ్చు. లిథియం బ్యాటరీ బరువు సగానికి తక్కువ, వాడుకోగలిగేది దాదాపు అంతా. కానీ ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి నేరుగా చార్జ్ అయ్యేలా కలిపేసి ఉంటే ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. మధ్యలో డీసీ నుంచి డీసీకి మార్చే చార్జర్ ఉందో లేదో చూడాలి.

లెడ్ బ్యాటరీని పరీక్షించడం తేలిక. చార్జర్ తీసేసి కొన్ని గంటలు వదిలేశాక 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం. ఆ తర్వాత దీపాలన్నీ, ఫ్యాన్లు, పంపు వేసి పది ఆంపియర్ల లోడు గంటసేపు ఉంచండి. ఆపి, పావుగంట ఆగి మళ్లీ కొలిస్తే 12.2 కన్నా కిందికి దిగిందా, కొత్తది కొనాల్సిందే. సొంతంగా వైరింగు చేసుకున్న బండి అయితే ఇన్వర్టర్ తీగను ముందు చూడండి. 1000 వాట్ల ఇన్వర్టర్ పూర్తి లోడు మీద బ్యాటరీ నుంచి 90 ఆంపియర్ల పైనే లాగుతుంది. వేలెడు మందం లేని తీగ, బ్యాటరీ పక్కన ఫ్యూజ్ లేని తీగ కనబడితే నిప్పును పెట్టుకుని పడుకున్నట్టే. మోటార్‌హోమ్‌లో మంట పుడితే బయటపడటానికి మిగిలే వ్యవధి చాలా తక్కువ.

గ్యాస్ విషయంలో ఒక్కటి ఎంత నొక్కి చెప్పినా చాలదు. ఎల్పీజీ గాలికన్నా బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది. అందుకే సిలిండర్ అర అడుగున, నేల మీద కన్నాలు వదులుతారు. చలిగాలి వస్తోందని వాటిని గుడ్డతోనో టేపుతోనో మూసేసిన బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. రబ్బరు గొట్టం మీద అచ్చేసిన తేదీ చూడండి, రెగ్యులేటర్‌కు పదేళ్లు దాటితే మార్చేయండి. సబ్బు నురగతో అతుకులు చూడటం తొలి పరీక్ష మాత్రమే. కొనే ముందు అర్హత ఉన్న గ్యాస్ మనిషితో ప్రెషర్ పరీక్ష చేయించి కాగితం తీసుకోవాలి. వాసన తెలియని విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంటే దాని మీది గడువు తేదీ చదవండి. బటన్ నొక్కితే మోగినంత మాత్రాన సెన్సర్ బతికుందని కాదు. చలి ప్రాంతాల్లో ఉండేవారికి ఇంకో మాట: బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది. సిలిండర్‌లో ఏముందో అడగండి.

గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది. ముందురోజు రాత్రే వేసి ఉంచమని అడిగి, మీరు ఒక థర్మామీటర్ తీసుకెళ్లి లోపల పెట్టండి. ఐదు డిగ్రీల లోపుండాలి. బండి ఒరిగి నిలబడి ఉంటే ఈ రకం ఫ్రిజ్ సరిగ్గా పనిచేయదు కాబట్టి చదునైన నేల మీద చూడటం న్యాయం. గ్యాస్ మీద ఒకసారి, కరెంటు మీద ఒకసారి విడివిడిగా పరీక్షించాలి. వెనక జాలీ తీస్తే పసుపు పొడి కనబడిందా, అమ్మోనియా ఘాటు తగిలిందా, ఇక దాని పని అయిపోయింది.

నీళ్ల పంపు వేసి కుళాయిలన్నీ కట్టేస్తే పంపు ఆగిపోవాలి. కాసేపటికోసారి టకటకమంటూ మళ్లీ తిరుగుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా పంపు లోపలి వాల్వు పోయింది. చలికాలంలో నీళ్లు తీయకుండా వదిలేసిన హీటరు ట్యాంకు గడ్డకట్టి పగులుతుంది, దాన్ని నీళ్లు నింపి వేడిచేస్తే తప్ప కనుక్కోలేం. నీళ్లు లేకుండా చూపించి సరిపెట్టే అమ్మకందారును ఒప్పుకోవద్దు. ఇద్దరు మనుషులు పొదుపుగా రోజుకు 25 నుంచి 30 లీటర్లు వాడినా 100 లీటర్లు మూడు నాలుగు రోజులే. 17 నుంచి 20 లీటర్లు పట్టే మరుగుదొడ్డి క్యాసెట్, అంటే బయటికి లాగి ఖాళీ చేసే మలం ట్యాంకు, ఇద్దరికి రెండు మూడు రోజులకు నిండుతుంది. ఎంత దూరం పోయినా ఈ లెక్కే మిమ్మల్ని వెనక్కి రప్పిస్తుంది, కాబట్టి రెండో క్యాసెట్ దొరుకుతుందా అని అడిగి ఉంచుకోండి.

కాగితాల్లో 17 అక్షరాల ఛాసిస్ నంబరు బండి మీద, ప్లేటు మీద, రిజిస్ట్రేషన్ పత్రంలో ఒక్కటిగా ఉండాలి. అసలు బండి తయారైన ఏడాది, దానిపై ఇల్లు కట్టిన ఏడాది వేరువేరు కావచ్చు. ఒకటి రెండేళ్ల తేడా మామూలే, ధర మాత్రం పాత ఏడాదిని బట్టే మాట్లాడాలి. అప్పు బాకీ ఏదైనా బండి మీద ఉందేమో చూడాలి. వీటన్నిటికన్నా ముఖ్యంగా, డబ్బు కట్టే ముందే బీమా కంపెనీకి ఫోన్ చేసి ఏడాది పొడవునా ఇందులోనే ఉంటామని చెప్పి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. చాలా పాలసీలు సెలవుల వాడకానికి రాసినవి. ఆ ఒక్క మాట దాస్తే, ప్రమాదం జరిగిననాడు పాలసీ కాగితం పనికిరాకపోవచ్చు.

చివరగా లోపల బతికి చూడాలి. రెండు మూడు గంటలు. పడక మీద ఇద్దరూ పడుకోండి, గోడవైపు మనిషి రెండోవారిని లేపకుండా దిగగలరా చూడండి. మరుగుదొడ్డి తలుపు వేసుకుని కూర్చుని మోకాళ్లు ఎక్కడ తగులుతున్నాయో చూడండి. రోజూ బల్ల మడిచి పరుపు పరిచే పడక వారానికి ముద్దుగా ఉంటుంది, నెల తిరిగేసరికి దాన్ని మడవరు, బల్ల మాయమవుతుంది. ఆ అసౌకర్యం, అరిగిన టైర్లు, పాత బ్యాటరీలు, బెల్టు ఇవన్నీ బేరంలో ధర తగ్గించుకోవడానికి పనికొస్తాయి. తడి గోడకు మాత్రం తగ్గింపు ధరంటూ లేదు. అమ్మేవారితో సంబంధం లేని తనిఖీదారుతో తడి నివేదిక రాయించుకున్నాకే బయానా ఇవ్వాలి.

మీ వ్యాసం చివర కొనుగోలుదారుల కోసం ఇచ్చిన పట్టికను మళ్లీ ప్రచురించేటప్పుడు ఇంజిన్ వరుసకు పైన తేమ మీటర్, వేబ్రిడ్జి అన్న రెండు వరుసలు చేర్చగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు